ఏలియా మిషనుకి లోడు మీటరు

2019 సెప్టెంబరు పద్నాలుగు, శనివారం. ఆ మధ్యాహ్నం ఏలియా ఇంట్లో వెదురు కొమ్ముల కూర తిన్నాను. సంతలో కొమ్ములమ్మే బుధ్రి దగ్గర కొన్న లేత కొమ్ములు, భీమిలి నుంచి ఎవరో తెచ్చిన ఎండు రొయ్యలు. కొమ్ములు ఉడికించిన నీళ్లు ఇంకోసారి పారబోయాల్సింది, చేదు మిగిలిపోయింది. వండింది ఏలియాయే. భార్యలు పోయిన మగవాళ్లు ఒకరి వంటకు ఒకరు వంక పెట్టరు.

ఏలియాది విజయనగరం వైపు. ఈ ఇనుప గనుల ఊరు కిరండూల్‌కి వచ్చి రైల్వే ఫిట్టరుగా చేరి, ఇంజన్ల మధ్యే జీవితం గడిపాడు. నేను గని కంపెనీలో ఎలక్ట్రికల్ ఇంజనీరుని. తన క్వార్టరు వెనక రేకుల షెడ్డులో అతనికో చిన్న మిల్లింగ్ మిషను ఉంది. పాత డ్రిల్లు మిషను భాగాలతో సొంతంగా కట్టుకున్నాడు. పైన లోహాన్ని కోసే కట్టర్ తిరుగుతుంటుంది, కింద బల్ల మీద లోహాన్ని బిగించి, రెండు చేతులతో రెండు పిడులు తిప్పుతూ దాన్ని కట్టర్ కిందికి నడిపించాలి.

భోజనం అయ్యాక షెడ్డులోకి తీసుకెళ్లి ఒక ఇత్తడి పలక చూపించాడు. పక్క ఊరు బచేలిలో పాత సామాన్లు కొనే కబాడీ వాడి దగ్గర దొరికిందట. పలక మందంగా ఉంది. దాని మీద పెన్సిలుతో పెద్ద అక్షరాలు రాసి ఉన్నాయి: ఎర్రమ్మ.

ఎర్రమ్మ అతని భార్య. పోయిన మార్చిలో పోయింది. ఇక్కడి సమాధుల తోటలోనే ఉంది.

"అక్టోబరు ఆఖరికి నా డ్యూటీ ఆఖరు. సమాదుల పండగ ఎల్లిన మర్నాడే లారీ" అన్నాడు. కొత్తవలసలో కొడుకుది మూడో అంతస్తు, మిషను అక్కడికి వెళ్లదు. "ఈలోగా ఇది దాని సిలవకి బిగించీసి ఎల్లిపోవాల. మళ్లీ ఎప్పుడొస్తానో, అసలొస్తానో రానో."

"ఇంగ్లీషులో చెక్కుకోరాదా అన్నా? గీతలన్నీ నిటారుగా ఉంటాయి. తెలుగంటే అన్నీ సున్నాలే" అని గట్టిగా అరిచాను. అతనితో ఎవరైనా అరిచే మాట్లాడాలి. ఇంజన్ల మోత అతని చెవులు తినేసింది.

"దానికి ఇంగిలీసొచ్చేటి? ఈ లైనంతా హిందీ బోర్డులే. బైబిలు తప్ప ఏటీ సదవలేక సచ్చింది. పోయాకైనా దాని పేరు దానికి తెలియాలి గదా."

ఇబ్బందంతా అక్కడే ఉంది. గుండ్రటి గీత నడపాలంటే రెండు చేతులూ పిడుల మీదే ఉండాలి, కళ్లు పెన్సిలు గీత మీదే ఉండాలి. కట్టర్ ఎంత కష్టపడుతోందో చెప్పాల్సింది చెవే. లోతు ఎక్కువైతే మోత మారుతుంది, వెంటనే చేతులు నెమ్మదించాలి. ఏలియాకి ఆ మోత వినబడటం మానేసింది. చెవి మిషను పెట్టుకుంటే మోటారు, కట్టర్, పక్కింటి ఫ్యాను అన్నీ ఒకటే గోలట. చెక్కముక్కల మీద సాధన బాగానే సాగినా, ఇత్తడి తునక మీదికి రాగానే కట్టర్లు విరగ్గొట్టుకుంటున్నాడు.

"నేను పక్కన నిలబడి వింటాను. మోత మారితే భుజం తడతాను" అన్నాను.

ఏలియా తల అడ్డంగా ఊపాడు. పలక మీది పెన్సిలు పొడిని గుడ్డతో తుడుస్తూ, చాలా నెమ్మదిగా చెప్పాడు. "ఆస్పత్రిలో ఆఖర్రోజున అది ఏటో సెప్తంటే నాకు ఇనబళ్లేదు. నర్సమ్మ మద్దెన నిలబడి, దాని మాట గట్టిగా తిరిగి సెప్పింది. 'అన్నం తిను, మందులు ఏసుకో అంటన్నాది' అని. నా పెళ్లాం ఆఖరి మాట వేరేవోళ్ల నోట ఇన్నాను తమ్ముడూ. దీనికి మాత్తరం మద్దెన ఎవరూ వొద్దు."

అప్పుడన్నాను, వినబడేది కనబడేలా చేస్తానని.

నా భార్య తాయారమ్మకి సమాధి లేదు. అస్థికలు ఇంద్రావతి నదిలో కలిపి వచ్చాం. చెక్కడానికి నాకు పలకేమీ లేదు గనక కాబోలు, ఆ పని చేతికి దొరికినందుకు లోపల ఎక్కడో కాస్త హాయిగా అనిపించింది.

మా గనిలో పద్ధతి ఒకటే. మోటారు కష్టం తెలియాలంటే ఆంపియర్లు చూడు. రాయి మోసే బెల్టు మోటార్లు ఎప్పుడూ నిండు బరువు మీద తిరుగుతాయి. బరువు పెరిగితే కరెంటు పెరుగుతుంది. ఉద్యోగమంతా ఆ మీటరు ముల్లునే నమ్మాను. అదే అలవాటుతో ఏలియా మోటారు తీగ చుట్టూ ఒక కాయిల్ వేసి, ఒక చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుకి కలిపి, అంకెల తెర పెట్టాను. తెర పక్కన వరసగా దీపాలు: పచ్చవి, పసుపువి, చివర ఎర్రవి. కట్టర్‌కి దగ్గరగా బిగించాను. గీత మీద కళ్లు పెట్టుకునే ఓరగా చూడొచ్చు.

దసరా వెళ్లిన వారం ఏలియా పలక బిగించాడు. నన్ను బయట కూచోమన్నాడు. ఎ వచ్చింది. ర్ర వచ్చింది. మ్మ సగంలో ఉండగా టక్కుమని చప్పుడు నాకు వినబడింది, అతనికి కాదు. నేను లోపలికి పరుగెత్తేసరికి విరిగిన మొన అక్షరం మీదుగా పలక అంచుదాకా గీరుకుపోయి ఉంది. దీపాలు మాత్రం పచ్చగానే వెలుగుతున్నాయి.

ఏలియా మోటారు ఆపాడు. ఆ గీతని బొటనవేలితో తడిమాడు.

"పచ్చగానే ఉంది కదేటి" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే నాకు తేలికయ్యేది.

ఇంటికి పోయి మోటారు లెక్కలన్నీ ముందేసుకున్నాను. ఇంట్లో వాడే చిన్న మోటారు ఖాళీగా తిరుగుతున్నా కరెంటు బాగానే లాగుతుంది. పని పెరిగినా ఆంపియర్లు దాదాపు ఉన్నచోటే ఉంటాయి. మారేది వాట్లు, అంటే మోటారు నిజంగా వాడే శక్తి. అది తెలియాలంటే కరెంటుతో పాటు వోల్టేజినీ కొలిచి, రెండూ కలిసి నడుస్తున్నాయా, వెనకా ముందూ నడుస్తున్నాయా చూడాలి. నేను కాలేజీలో చదువుకున్నదే. నిండు బరువు మోటార్ల మధ్య బతికి బతికి మరిచిపోయాను.

మర్నాడు సిగ్గుతోనే వెళ్లాను. పలక పనికిరాదు, ఇంకోటి వెతుకుదామని అరవబోతుంటే ఏలియా దాన్ని బోర్లా తిప్పి చూపించాడు. వెనక వైపు శుభ్రంగా ఉంది.

"ఎనక్కి తిప్పితే కొత్తదే తమ్ముడూ. నువ్వూ అలాగే ఎనక్కి తిరిగి సరిసేసుకో."

అంత దయ నేను అడగలేదు.

వోల్టేజి కొలిచే చిన్న ట్రాన్స్‌ఫార్మరు జగదల్‌పూర్ నుంచి తెప్పించాను. బోర్డుకి లెక్క మార్చి నేర్పాను. ఈసారి అల్యూమినియం తుక్కు మీద పరీక్ష పెట్టాం. ఏలియా కావాలనే లోతుగా తోశాడు. తెర మీద అంకె నూట తొంభై వాట్ల నుంచి ఎగబాకింది. పచ్చ దాటింది, పసుపు దాటింది, ఎరుపు వెలిగింది. అతను చెయ్యి సడలించగానే మళ్లీ పచ్చలోకి దిగింది. మళ్లీ తోశాడు, మళ్లీ సడలించాడు. చిన్నపిల్లల ఆటలా అయింది.

"ఓర్నాయనో, నీ దీపాలు నాకంటే ముందే బయపడిపోతన్నాయిరా!"

"నీ పక్కన ఉంటే ఎవరికైనా భయమే!"

"ఏటన్నావు?"

"ఏమీ లేదు!"

నవ్వుకున్నాం. తర్వాత అతను కట్టర్ మార్చాడు. పిడుల మీద చేతులు వేసి, కళ్లు మూసుకుని కాసేపు నిలబడ్డాడు. బహుశా పాత మోతను గుర్తు తెచ్చుకుంటున్నాడు. అది తిరిగి రాదు. నేను ఇవ్వగలిగింది దీపాలు మాత్రమే.

రోజూ డ్యూటీ దిగాక కాస్తంత చెక్కేవాడు. నేను వెళ్లలేదు. ఎంతవరకు వచ్చిందని అడగలేదు కూడా.

నవంబరు ఒకటో తేదీ సాయంత్రం మాత్రం మనసు ఆగలేదు. తెల్లారితే సమాధుల పండగ. క్వార్టరు ముందు గదిలో మూటలు కట్టి ఉన్నాయి, గోడలకి ఫోటోల చోట తెల్లటి మచ్చలు. వెనక షెడ్డు తలుపు తెరిచే ఉంది. ఏలియా నా వైపు వీపు పెట్టి వంగి ఉన్నాడు. మోటారు నిదానంగా తిరుగుతోంది. దీపాలు పచ్చ నుంచి పసుపుకి వెళ్లి, అక్కడ తటపటాయించి, మళ్లీ పచ్చకి వస్తున్నాయి. మ్మ కింద చివరి వంపు. భుజాలు కదలకుండా, ముంజేతులే కదులుతున్నాయి.

వంపు పూర్తయింది. మోటారు ఆపాడు. ఇత్తడి రజను కుంచెతో తోశాడు, నోటితో ఊదాడు. వేలు పెట్టి ఎ మొదలు నుంచి నెమ్మదిగా రాసుకుంటూ పోయాడు, బడిలో కొత్తగా అక్షరాలు దిద్దేవాడిలా. ఎక్కడా గీటు లేదు.

చెవిటివాళ్లకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. షెడ్డంతా నిండేలా అన్నాడు.

"ఒలే... సూసుకో. నీ పేరే."

పలక మీదికి ఇంకాస్త వంగాడు. ఇంకా ఏదో చెప్పబోతున్నాడు. అది నేను వినాల్సింది కాదు. అతనికి వినబడదని తెలిసినా, గడియ చప్పుడు కాకుండా పట్టుకుని, ఆ రాత్రికి ఆ తలుపు దగ్గరగా వేశాను.