సెల్లార్లో అరగంట

మూడేళ్ల కిందట మా ఆయన ఈ కారును లీజుకు తెచ్చినప్పుడు అన్న మాట నాకింకా గుర్తుంది. "కొనడం దండగ. నెలనెలా అద్దె కడదాం, నేను ఆఫీసుకి దీంట్లోనే వెళ్తా, వారం వారం ఊళ్లు తిరుగుదాం." సరిగ్గా నాలుగో నెలలో ఆయన ఆఫీసువాళ్లు ఇంట్లోంచే పని చేసుకోమన్నారు. నా ఆఫీసు పది నిమిషాల నడక. ఇక కారు బయటికి తీసేదెవరు, నా మొహం! కారు సెల్లార్లో పడి ఉంది, అద్దె మాత్రం ఠంచనుగా పోతోంది.

ఇప్పుడు లీజు ముగియవచ్చింది. కంపెనీవాళ్లు ఒక కాగితం పంపారు. దాంట్లో మూడు గళ్లు. కారు తిరిగి ఇచ్చేస్తారా, మిగిలిన విలువ కట్టి కొనుక్కుంటారా, ఇంకో ఏడాది పొడిగిస్తారా అని. సోమవారంలోగా ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టి పంపాలి. మా ఆయన దాన్ని ఫ్రిజ్‌కి అంటించి మొదటి గడి మీద వేలు పెట్టాడు.

"ఇచ్చేద్దాం."

"కొనేద్దాం," అన్నాను.

"నీకేమన్నా మతి పోయిందా? మూడేళ్లలో నాలుగు వేల కిలోమీటర్లు. నా చెప్పులు అంతకంటే ఎక్కువ తిరిగాయి."

"అయితే మీ చెప్పులు ఇచ్చేయండి."

టీవీ ముందు నుంచి మా అత్తగారు తలతిప్పారు. "ఏం కొంటున్నారే అమ్మాయ్?"

"కారు, అత్తయ్యా!"

"ఉందిగా ఒకటి! రెండోది ఎందుకు, దానికి తోడా?"

ఆవిడకి వినికిడి తక్కువ. అందుకని మా టీవీకి గొంతు ఎక్కువ.

అసలు సంగతి నేను ఎవరికీ చెప్పుకోలేను. నాది వాషింగ్ మెషీన్ల కంపెనీ ఫిర్యాదుల విభాగంలో ఉద్యోగం. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని జనం తిట్లు తింటాను. మెషీన్లో వేసిన తెల్లచొక్కా నీలంగా బయటికొచ్చిందని ఒకాయన గంటసేపు అరుస్తాడు. దాంతోపాటు వేసిన నీలం జేబురుమాలు ఊసు మాత్రం ఎత్తడు. ప్రతి ఒక్కరికీ నేను "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనాలి. ఎనిమిదేళ్లుగా చింతిస్తూనే ఉన్నాను. ఇంటికొస్తే ఒకవైపు టీవీ, ఇంకోవైపు పొద్దుట్నుంచి గోడలతో మాట్లాడి మాట్లాడి మనిషి దొరికితే చాలని కాచుక్కూర్చున్న మొగుడు. ఉన్నవి రెండే గదులు, గడియ ఉన్నది బాత్రూముకొక్కదానికే. అక్కడ మూడు నిమిషాలు దాటితే "ఒంట్లో బాగాలేదా?" అని తలుపు కొడతారు.

అందుకే రోజూ ఆరింటికి గేటు దాటి, లిఫ్టు ఎక్కకుండా మెట్లు దిగి సెల్లార్లోకి పోతాను. కారెక్కి తలుపులు లాక్ చేసి, సీటు వెనక్కి వాల్చి అరగంట పడుకుంటాను. అంతే. ఏడవను, పాటలు వినను, ఫోను చూడను. మూడేళ్లుగా నాకు పిచ్చెక్కకుండా కాపాడింది ఆ అరగంటే. దాన్ని ఫ్రిజ్ మీద అంటించిన గళ్లకి ఎలా అప్పజెప్పను? పోనీ, ఉన్నమాట చెబుదామా అంటే, ఇంటి కింద దాకా వచ్చి కూడా పైకి రాబుద్ధి కావట్లేదని ఏ మొగుడితో చెబుతాం?

శనివారం పొద్దున లీజు కంపెనీ తనిఖీ మనిషి వచ్చాడు. టార్చి వేసి కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. టైర్ల పక్కన కొత్త రబ్బరు వెంట్రుకలు ఇంకా ఊడలేదు. తలుపు తెరిచి చూస్తే డ్రైవరు సీటు మాత్రం గుంటపడి ఉంది. కింద చెయ్యిపెట్టి ఒక జత ఉన్ని సాక్సులు, చిన్న దిండు, తిని మడిచిపెట్టిన బిస్కెట్ ప్యాకెట్టు బయటికి తీసి బానెట్ మీద వరసగా పేర్చాడు.

"పదకొండేళ్లుగా కార్లు చూస్తున్నానండీ," అన్నాడు బుర్ర గోక్కుంటూ. "తిరిగిన కార్లు చూశా, గుద్దుకున్న కార్లు చూశా. ఇది తిరిగిన కారు కాదు. ఇందులో ఎవరో కాపురం చేశారు."

మా ఆయన నవ్వలేదు. "మామూలు వాడకం అని రాసుకోండి," అన్నాడు. ఆ మనిషి రాసుకుని వెళ్లిపోయాడు.

సెల్లార్లో మేమిద్దరమే మిగిలాం. "మీకు తెలుసా?" అన్నాను.

"ఆరింటికి నువ్వు గేటు దాటడం వంటింటి కిటికీలోంచి కనబడుతుంది. ఆరున్నరకి బెల్లు మోగుతుంది. మన లిఫ్టు నెమ్మదే కానీ, మరీ అంత నెమ్మది కాదు."

"మరి అడగలేదేం?"

"ఒకసారి చెత్త పడేయడానికి దిగి చూశా. కళ్లు మూసుకుని పడుకున్నావు. అంత హాయిగా నువ్వు ఇంట్లో ఎప్పుడూ కనిపించలేదు." సాక్సులు చేతిలోకి తీసుకుని మడతపెట్టసాగాడు. "నేను పొద్దుట్నుంచి నీకు చెప్పాలని మాటలు దాచుకుంటా. నువ్వు నా దగ్గరికి రావడానికి అరగంట ధైర్యం తెచ్చుకుంటావు. ఈ కారు పోతే నేరుగా పైకొస్తావనుకున్నా."

రోజుకు వందసార్లు చింతిస్తున్నాం అనే నోటికి, నిజంగా చింత కలిగేసరికి ఒక్క ముక్క రాలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది.

"మీరంటే కాదండీ! నాకు మాటంటేనే ఎలర్జీ పట్టుకుంది. ఆ అరగంట ఉంటేనే మీ పెళ్లాం పైకొస్తుంది."

"లేకపోతే?"

"కస్టమర్ కేర్ వస్తుంది."

అప్పుడు నవ్వాడు. "పోనీ, నోరు మూసుకుని కూర్చుంటే నన్నూ రానిస్తావా?"

"మీరు? నోరు మూసుకుని?"

"చూద్దువుగాని."

సోమవారం ఆరింటికి నేను దిగేసరికి కారు పక్కన నిలబడి ఉన్నాడు. తలుపు తీశాను. ఎక్కి పక్కసీట్లో కూర్చుని, సీటుబెల్టు కూడా పెట్టుకున్నాడు మహానుభావుడు. నేను కళ్లు మూసుకున్నాను. ఐదు నిమిషాలకు మోకాలు ఊపడం మొదలెట్టాడు. పదో నిమిషంలో గొంతు సవరించుకున్నాడు. పద్దెనిమిదో నిమిషంలో, "ఒక్క మాట..." అన్నాడు.

"దిగండి."

మారు మాట్లాడకుండా దిగి, చప్పుడు కాకుండా తలుపు వేసి, స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. నేను మళ్లీ కళ్లు మూసుకున్నాను కానీ లాభం లేకపోయింది. ఆ ఒక్క మాట ఏమిటో తెలియక చస్తున్నాను. నాకింకా పది నిమిషాలు ఉండగానే అద్దం దించాను.

"ఏమిటో ఏడవండి."

"ఏం లేదు. ఇవాళ కాగితం పంపేశా. కొనే గడిలో టిక్కు పెట్టా. అదే చెబుదామని..."

చెయ్యి చాచి పక్క తలుపు తెరిచాను.

"ఎక్కండి. బెల్టు మాత్రం పెట్టుకోకండి. మనం ఎక్కడికీ పోవట్లేదు."