ముగ్గురికీ సమంగా

దసరా సెలవులిస్తే టీచర్లు ఏం చేస్తారు? పుట్టింటికి పోతారు, లేదంటే కడుపునిండా తిని పడుకుంటారు. సంపూర్ణ మాత్రం ఖమ్మంలో బస్సెక్కి, ములకలపల్లి అవతల అడవి అంచున ఉన్న పిల్లల క్లినిక్‌కి పోయింది. అది రెండువేల ఆరో సంవత్సరం. చర్చి వాళ్లు రేకుల షెడ్డులో నడిపే ఆ క్లినిక్‌లో, ఐర్లాండ్ నుంచి వచ్చిన హెలెన్ అనే డాక్టరమ్మ జీతం లేకుండా పనిచేస్తోంది. ఆమెకు తెలుగు రాదు, వచ్చే తల్లులకు ఇంగ్లీషు రాదు. నడుమ మాట చెప్పే మనిషి కావాలన్నారు. పిలిచిందే తడవు సంపూర్ణ బయలుదేరింది. సేవంటే అంత తీపి మరి.

ఊరికే అనకూడదు, ఒళ్లు దాచుకోకుండా పనిచేసింది. వానలు వెనకపట్టినా దోమలు తగ్గలేదు. షెడ్డు నిండా జ్వరం పిల్లలే.

హెలెన్ తన దేశం నుంచి పెట్టెల కొద్దీ బలం బిస్కెట్లు, టానిక్కులు తెప్పించింది. క్లినిక్‌కి తెచ్చిన పిల్లకే పెట్టి మిగతా పిల్లల్ని తల్లులు మరిచిపోతారేమోనని ఆమె భయం. ఇంట్లో పిల్లలందరికీ సమంగా పంచమని చెప్పు, అంది. చెప్పి ఊరుకుంటే పోయేది. టీచరు బుద్ధి ఊరుకోనిస్తుందా? సంపూర్ణ తల్లులందరినీ వరసగా కూర్చోబెట్టి, "ఇక్కడ ఇచ్చింది ఇంటికి తీస్కపోయి ఏం చేస్తరు?" అని అడిగి, "పిల్లలందరికీ సమంగ పంచుతం" అని వల్లె వేయించింది. ఆ తల్లులు వచ్చే కోయగూడేల్లో వేటలో కుందేలు పడినా వాటాలు వేసుకునే తింటారు. అలాంటివాళ్లకు పంచుకోవడం నేర్పబోవడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

అందరికంటే గట్టిగా చెప్పింది రుక్మిణి. ఏటా మిరపకోతకు వైరా వైపు పోయి తెలుగు బాగా పట్టుకున్న కోయ మనిషి, ముగ్గురు పిల్లల తల్లి. సంపూర్ణ ఆమెను నిలబెట్టి అందరిచేతా చప్పట్లు కొట్టించింది. రుక్మిణి సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ రుక్మిణి పెద్దకూతురు జోగమ్మకు మలేరియా వచ్చింది. హెలెన్ రక్తం చూసి, సరిపడా మాత్రలు పొట్లం కట్టి ఇచ్చింది. ఎలా వెయ్యాలో సంపూర్ణ ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. అన్నం తిన్నంక ఎయ్యాలె. జ్వరం తగ్గింది గదా అని ఆపొద్దు. అన్నీ అయిపోవాలె."

రుక్మిణి తలూపింది. ఇంతకన్నా ఎవరు మాత్రం ఏం చెబుతారు? ఇవి జోగమ్మకు ఒక్కదానికే అని విడిగా చెప్పాలన్న ఆలోచన ఆ షెడ్డులో ఎవరికీ రాలేదు.

వారం తిరక్కుండానే రుక్మిణి మొగుడు భీమయ్య పిల్లను భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు, వెనకాలే రుక్మిణి. జోగమ్మ కళ్లు తేలేసింది, ఒళ్లంతా కొట్టుకుంటోంది. హెలెన్ సూది వేసి, వెంటనే భద్రాచలం తీసుకుపొమ్మంది. జీపు మాట్లాడారు. భీమయ్య ముందు కూర్చున్నాడు. వెనక జోగమ్మ తల రుక్మిణి ఒళ్లో, కాళ్లు సంపూర్ణ ఒళ్లో.

"మాత్రలన్నీ ఏసినవా?" అని అడిగింది సంపూర్ణ.

"అవ్ టీచరమ్మ. ఒక్కటి గూడ పారెయ్యలే."

"మరి గిట్లెందుకైంది?"

"ఏమో. ముగ్గురికీ సమంగనే పంచిన. దీనికి ఎక్కువ పెట్టలే, చిన్నోళ్లకు తక్కువ చెయ్యలే. నువ్వు చెప్పినట్టే."

సంపూర్ణ తలెత్తి ఆమె వంక చూసింది. పాఠం తప్పు లేకుండా అప్పజెప్పిన ముఖం రుక్మిణిది. జీపు పాల్వంచ చేరకముందే పిల్ల పోయింది.

తిరిగొచ్చి జరిగింది చెబితే హెలెన్ గడప మీద కూలబడి ఏడ్చింది. ఆ తల్లికి చెప్పొద్దు, చెబితే పిల్ల తిరిగి రాదు కదా, అంది. సంపూర్ణకూ ఆ మాటే కావాలి. అదే దయ అనుకుంది. దయా లేదు, పాడూ లేదు. తప్పు మాదని ఆ మనిషి ఎదుట నిలబడి చెప్పే ధైర్యం ఇద్దరికీ లేదు, అంతే. మర్నాటి నుంచి మందు తీసుకున్న ప్రతి తల్లికీ ఇది జబ్బు పిల్లకొక్కదానికే అని సంపూర్ణ గొంతు పోయేలా చెప్పింది. చెప్పనిది రుక్మిణికి ఒక్కదానికే.

సెలవులు అయిపోవచ్చాయి. సంపూర్ణ సంచి సర్దుకుంటుంటే రుక్మిణి వచ్చింది. చంకలో చిన్నకొడుకు దూలయ్య. వాడి ఒళ్లు కాలిపోతోంది. రక్తం చూస్తే వీడికీ మలేరియానే. హెలెన్ మాత్రల పొట్లం తెచ్చి సంపూర్ణ చేతిలో పెట్టి, ముఖం పక్కకు తిప్పుకుంది.

చెప్పకపోతే వీడూ పోతాడు. చెబితే జోగమ్మ ఎందుకు పోయిందో ఈ తల్లికి తెలిసిపోతుంది. దేవుడా, ఈ పని ఇంకెవరికైనా అప్పగించకూడదా అనుకుంది సంపూర్ణ. అప్పగించడానికి అక్కడ ఎవరూ లేరు. వచ్చి రుక్మిణి పక్కన నేల మీద కూర్చుంది.

"అక్కా, ఈ మాత్రలు వీనికొక్కనికే. నడిపిదానికి పెట్టొద్దు, ఎవ్వరికీ పంచొద్దు. పంచితే మందు చాలదు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ల తిరగబెడతది."

రుక్మిణి అలవాటుగా తలూపబోయి ఆగింది. పొట్లం వంక చూసింది, కొడుకు వంక చూసింది.

"మరి జోగికి?"

"తప్పు నాదే అక్కా. నీకు నేను చెప్పలే."

తిడుతుందనుకుంది సంపూర్ణ. తిట్టినా, పట్టుకుని కొట్టినా బాగుండునని ప్రాణం కొట్టుకుంది. రుక్మిణి ఏడవను కూడా ఏడవలేదు. దూలయ్యను ఎత్తి సంపూర్ణ ఒళ్లో పడుకోబెట్టింది.

"నా చేతితోని ఎయ్య. నువ్వే ఎయ్యి."

అని లేచి, బయటికి పోయి, షెడ్డుకు వీపు పెట్టి కూర్చుంది. లోపల పిల్లవాడు అమ్మ కావాలని ఏడుస్తూనే ఉన్నాడు. రుక్మిణి లోపలికి రాలేదు.