ఒక్క అంకె కోసం

కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రామైన కెర్నెల్‌లో మెమరీ పని చూసే జట్టులో ఆమె కొత్తగా చేరింది. మొదటి వారమే, మిగతా ఫైళ్లు వాడుకునే ఒక హెడర్ ఫైలులో, ముందుగా చదవాల్సిన ఫైళ్ల జాబితా పక్కన "ఈ వరుస మార్చొద్దు" అన్న మాట కంటబడింది. ఎందుకో రాయలేదు. ఆమె మనసు ఊరుకోక వరుస మార్చి చూసింది. కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ నలభై తప్పులు చూపించింది.

ఆ మాట రాసింది పక్క గదిలో కూర్చునే పెద్దాయన. అందరూ మాస్టారంటారు.

"ఎందుకు మార్చకూడదండీ?"

"ఏమోనమ్మా, పదేళ్లయింది. అప్పుడెలాగో కుదిరింది, హమ్మయ్య అనుకుని వదిలేశాను."

ఆమె కాగితం మీద గీతలు గీస్తూ కూర్చుంది. మెమరీని చిన్న ముక్కలుగా చూసే పేజీల ఫైలు, ఆ ముక్కల్ని పెద్ద భాగాలుగా చూసే జోన్ల ఫైలును ముందు చదవమంటోంది. జోన్ల ఫైలేమో ముందు పేజీల ఫైలునే చదవమంటోంది. ఇదెక్కడి పేచీ అనుకుంది. అసలు పేజీలకు జోన్లతో పనేమిటని గాలిస్తే, కావలసింది ఒకే ఒక్క అంకె: మొత్తం జోన్లెన్ని అన్నది. దాన్ని విడిగా ఒక చిన్న ఫైలులో పెట్టింది. ఇక పేజీల ఫైలుకు జోన్ల ఫైలుతో పని లేకపోయింది. వరుస ఎటు మార్చినా కంపైలర్ కిక్కురుమనలేదు.

మాస్టారు వచ్చి, ఆ నాలుగు లైన్ల ఫైలును రెండుసార్లు చదివారు.

"దీనికోసమా ఇన్నేళ్లూ తంటాలు పడ్డాం?" అంటూ కుర్చీ లాక్కున్నారు. "ఎలా పట్టుకున్నావో మొదటినుంచీ చెప్పమ్మా."

ఆమె కాగితాన్ని ఆయనవైపు తిప్పింది.