పుట్టమ్మ ఎక్కించిన నంబరు

పదిహేడేళ్లుగా బాగేపల్లి చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ల గుట్టంతా పుట్టమ్మ నోటుబుక్కులోనే ఉండేది. చిక్కబళ్లాపురంలోని ఒక ట్రస్టు తరఫున ఆరోగ్యం పనిమీద ఊళ్లు తిరిగే మనిషి ఆమె. పిల్లలు పుట్టకుండా సూది వేయించుకునేవాళ్ల పేరు పక్కన చిన్న పువ్వు గీసేది, అంతే. ఆ పువ్వేమిటో ఆమెకూ దేవుడికీ తప్ప తెలియదు.

కిందటి నెల ట్రస్టువాళ్లు ఆ పుస్తకం తీసేసుకుని ట్యాబు చేతికిచ్చారు. ట్యాబుకు పువ్వులు అర్థం కావు. ఏ సూది, ఏ తేదీ, ఫోన్ నంబరు, అన్నీ నింపితేగానీ ముందుకు కదలదు మహాతల్లి. ఆ పల్లెల్లో నంబరెంతమ్మా అని ఏ ఆడమనిషిని అడిగినా మొగుడి నంబరే చెబుతుంది, ఇంటిల్లిపాదికీ ఉండేది ఆ ఒక్క ఫోనే మరి. పుట్టమ్మ మాత్రం తక్కువ తిన్నదా? పువ్వులున్న పదకొండు మందికీ తన నంబరే కొట్టింది.

వారం తిరక్కుండానే అమరనాథ్ పట్టేశాడు. ఆఫీసులో ట్యాబుల వ్యవహారమంతా చూసేది అతనే.

"పదకొండు మందికి ఒకే నంబరు యెట్లుంటాదమ్మా? వాళ్లింటి నంబర్లు ఎక్కించండి."

"ఆ నంబరుకి ఏమన్నా పోతాదా అప్పా? మొగోళ్లకి తెలిస్తే కొంపలు కూలిపోతాయి."

"ఏమీ పోదు. డాక్టరమ్మ తప్ప ఎవురూ చూడరు. నా మాట నమ్మండి."

కొడుకు ఈడువాడు, చదువుకున్నవాడు. నమ్మింది. నమ్మి నంబర్లన్నీ మార్చింది.

మొన్న సోమవారం ఆ పదకొండు మందిలో ఒకరైన వీణ మొగుడి ఫోనుకు కన్నడలో మెసేజి వచ్చింది. వీణగారూ, గర్భం రాకుండా మీరు వేయించుకునే సూదికి గడువు పన్నెండో తేదీ, తప్పక రండి అని. వీణకు ముగ్గురు ఆడపిల్లలు. మూడో కాన్పులో చచ్చి బతికింది. మనవడి కోసం అత్త ముడుపులు కడుతుంటే, ఈమె గుడిబండె సంతకని చెప్పి మూడు నెలలకోసారి సూది వేయించుకుని వచ్చేది. మధ్యాహ్నానికల్లా అతను పెళ్లాన్నీ పిల్లల్నీ చింతామణిలో ఆమె పుట్టింట దించేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

సంగతి తెలియగానే పుట్టమ్మ తిన్నగా ఆఫీసుకు వెళ్లింది.

"పోదంటివి గదప్పా."

"పోతాయని మొదట్నించీ తెలుసమ్మా," అన్నాడు అమరనాథ్, కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండా. "ఫండ్ ఇచ్చేవాళ్లే మెసేజిలు పంపమనిండారు. ముందే చెప్పింటే మీరు ఎక్కిస్తాంటిరా?"

ఇంత నమ్మకద్రోహం ఎంత తేలిగ్గా చెప్పాడు! అతని పక్కనే నిలబడి మిగతా పది నంబర్లూ తీయించింది. తర్వాత చింతామణి బస్సెక్కింది.

వీణ వాకిట్లో కూర్చుని చిన్నదానికి జడ వేస్తోంది. రమ్మనలేదు, కూర్చోమనలేదు.

"నేను పోయి మీ ఆయప్పతో మాట్లాడతాను," అంది పుట్టమ్మ.

"ఆయప్ప నంబరు దాంట్లో ఎవురు పెట్టిరమ్మా?"

అమరనాథ్ పేరు నాలుక చివరిదాకా వచ్చింది.

"నేనే," అంది.

వీణ జడ అల్లడం ఆపింది.

"మా అమ్మకి గూడా చెప్పలేదు నేను. నీకొకదానికే చెప్తిని."