పాలకంకి

బియ్యం కడిగిన నీళ్లు వంపుతుంటే భర్త హాల్లోంచి కేకేశాడు. "రేపు మూడు మళ్లూ ఒకేసారి కోయించేస్తున్నా. పెద్దాఫీసుకి దిగుబడి లెక్కలు పంపాలి."

ఆమె చెయ్యి ఆగిపోయింది. పల్లపు నేలకి ఏ నాటు వరి సరిపోతుందో తేల్చే ఉద్యోగం అతనిది. నారు పోయించడం, మోకాల్లోతు బురదలో నిలబడి పిలకలు లెక్కపెట్టడం, పైరు ఎత్తు కొలవడం ఆమె పని. జీతమూ లేదు, పేరూ లేదు. "ఇంట్లో ఊరికే కూర్చునే బదులు తనకీ కాలక్షేపం" అని నలుగురిలో నవ్వుతూ అంటాడు. ఊరికే కూర్చోవడం ఎలా ఉంటుందో ఆమెకి ఇంతవరకూ తెలీదు.

రెండు రకాలు పండాయి. మూడోది అత్తగారి గింజ, ఇప్పుడిప్పుడే పాలు పోసుకుంటోంది. నీళ్లు నిలిచినా మునగకుండా పైకి లేచే రకం, కాకపోతే నిదానం. ఆవిడ కుండలో దాచిన విత్తనమంతా ఆ ఒక్క మడికే సరిపోయింది. పచ్చిగా కోస్తే ఆ గింజ మళ్లీ మొలవదు. ఆ రకం అంతటితో సరి.

అత్తగారు పోయి ఏడాదైంది. అయినా ఆ మడి గట్టు మీద ఆవిడ పొడిదగ్గు వినిపిస్తుంది. కోడలు ఉలిక్కిపడి వెనక్కి తిరుగుతుంది, ఎవరూ ఉండరు. భర్తతో చెబితే "నిద్ర చాలక" అన్నాడు. ఎందుకు చాలడం లేదో మాత్రం అడగలేదు. ఒకప్పుడు బియ్యంలో రాళ్లేరుతూ అత్తగారన్న మాట ఆ దగ్గు వెంటే వస్తుంది. "నాకు చదువంటే ప్రాణం. బడి మాన్పించి పెళ్లి చేసేశారు. నన్ను పాలకంకిలోనే కోసేశారే అమ్మాయ్. నువ్వైనా..." ఇంకా ఏమనబోయారో, ఈలోపు ఆవిడ కొడుకు టీ అడిగాడు.

పొద్దున్నే రెండు మళ్లు కోసేశారు. కూలీలు మూడోదాని వైపు తిరిగేసరికి ఆమె ఒక గింజ నొక్కి చూసింది. తెల్లటి పాలు గోటి మీదికి వచ్చాయి. వెళ్లి కంకులకి అడ్డంగా గట్టు మీద కూర్చుంది.

"లే. అందరూ చూస్తున్నారు" అన్నాడు భర్త గొంతు తగ్గించి. "టైముకి పండనిదాన్ని దిగుబడి లేనిదంటారు. అంతే."

"పండనివ్వకుండా కోసేవాళ్లని ఏమంటారండీ?"

కూలీల్లో ఒకావిడ కొడవలి కింద పెట్టేసింది.

"మరి ఇంట్లో వంట?" అన్నాడు భర్త.

"ఇది పండాక వస్తాను. అప్పటిదాకా మీరు చేసుకోండి."

వెనకాల పైరులో ఎవరో పొడిగా దగ్గారు. ఆమె తల తిప్పలేదు. ఈసారి ఉలిక్కిపడి చూసింది అతను.