రేడియల్ వైపు నొప్పి

మంచాన పడ్డ అత్తయ్య దుప్పటి ఉతికి పిండుతుంటే నా బొటనవేలి మొదట్లో కత్తి దిగినట్టయింది. దుప్పటి బకెట్లోకి జారిపోయింది. హాల్లోంచి మా ఆయన "ఏమైంది?" అనలేదు. "అయిందా?" అన్నారు.

మణికట్టులో ఉన్నవాటి పేర్లన్నీ నాకు తెలుసు. పదకొండేళ్లుగా ఇంట్లోనే హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చేతి ఎముకల డాక్టరు గారు రికార్డు చేసి పంపే రిపోర్టులు టైపు చేస్తున్నాను. స్కాఫాయిడ్, లూనేట్, మొత్తం ఎనిమిది చిన్న ఎముకలు. లోపలివైపు, బయటివైపు అని రాయకూడదు. బొటనవేలి వైపైతే రేడియల్, చిటికెనవేలి వైపైతే అల్నార్. ఏ ఊరి డాక్టరు చదివినా ఒకే అర్థం రావాలి. మా ఇంట్లో మాత్రం నా నొప్పికి పనెగ్గొట్టే వంక అనే పేరే ఉంది. ఆ మాట అత్తయ్యది. కూర్చుని వేళ్లు ఆడించేదానికి నొప్పేమిటని మా ఆయన నవ్వారు. ఆడపడుచుకి చెప్పుకుందామని ఫోన్ చేస్తే తన నడుంనొప్పి గురించి అరగంట చెప్పి పెట్టేసింది.

చివరికి ఒక్కదాన్నే ఆ డాక్టరు గారి దగ్గరికే వెళ్లాను. ఆయన ఎక్కడ దగ్గుతారో, ఏ మాట దగ్గర ఆగుతారో నాకు తెలుసు. నా ముఖం ఆయన ఎప్పుడూ చూడలేదు. నేనెవరో చెప్పబోయి, సిగ్గేసి ఊరుకున్నాను. బొటనవేలిని గుప్పిట్లో పెట్టించి, చేతిని చిటికెనవేలి వైపు వంచారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏం పని చేస్తారని అడిగారు.

"ఇంట్లోనే ఉంటానండీ" అన్నాను. నోటికి అలవాటైన జవాబు.

చేతికి పట్టీ వేసి, ఆరు వారాలు బరువులెత్తొద్దన్నారు. ఇంట్లో ఎవరైనా సాయం చేస్తారా అంటే తలూపాను. అవునని ఊపానో కాదని ఊపానో నాకే తెలీదు.

మర్నాడు మధ్యాహ్నం ఆ రిపోర్టు నా హెడ్‌ఫోన్లలోకే వచ్చింది. పేషెంటు నంబరు నాదే. "డి క్వెర్వెయిన్స్. రేడియల్ వైపు టెండాన్ల తొడుగుకి వాపు." నా నొప్పిని ఒక మనిషి పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. ఆ ముక్క వెనక్కి తిప్పి మూడుసార్లు విన్నాను. ఆ తర్వాత అదే గొంతు, "గృహిణి. శ్రమపడే పనులేవీ లేవు. కారణం తెలియదు" అంది.

పదకొండేళ్లలో ఆయన చెప్పిన మాట ఒక్కటి కూడా మార్చలేదు. ఇప్పుడూ మార్చలేదు. క్లినిక్‌కి ఫోన్ చేశాను. పక్కగదిలోంచి అత్తయ్య పిలిస్తే, కాసేపాగండి అన్నాను. డాక్టరు గారు లైన్లోకి వచ్చారు.

"నేను మీ టైపిస్టునండీ. నిన్న మీరు చూసిన చెయ్యి నాదే. కారణం తెలియదన్నారు కదా, నాకు తెలుసు. నేను చెప్తాను, మీరు రాసుకోండి."