ఇల్లు విడిచినోళ్ళ ఇంటిపేరు

జర్మనీలోని ఇంగోల్‌స్టాట్ శివారులో ఒక పాత గిడ్డంగిని వియత్నాం వాళ్ళు బుద్ధుడి గుడి చేసుకున్నారు. కరోనా వచ్చిన ఏడాది, ఆగస్టులో, కనకయ్య తన కొడుకు భార్గవ్ వెంట అక్కడికి వెళ్ళాడు. ఊళ్ళో అన్న విశ్వనాథం ఆ జబ్బుతోనే పోయాడు. కొడుకును చూడ్డానికొచ్చిన కనకయ్య విమానాలు లేక ఇక్కడ చిక్కుకుపోయాడు. అక్కడ దాయాదులు తలుపులేసుకున్నారు. ఎవరో ఇద్దరు మోసి, వాళ్ళే నిప్పు పెట్టారట. అది విన్నప్పటి నుంచి కనకయ్య కంచం ముందు కూర్చుంటాడు, కెలుకుతాడు, లేస్తాడు. నోరు తెరిస్తే ఒక్కటే మాట: "ఇంటిపేరోడు ఒక్కడూ చెయ్యెయ్యలేదురా."

అన్నకు దీపమైనా పెట్టిస్తే మనసు కుదుటపడుతుందని భార్గవ్ తీసుకొచ్చాడు.

గోడ మీద, కాలం చేసిన సన్యాసుల ఫొటోలు వరసగా ఉన్నాయి. కింద పేర్లు. ఆ అక్షరాలు కనకయ్యకు రావు. అయినా చూపు ఆగింది.

"అన్నిటికీ మొదట ఒకటే ఉందేందిరా?"

"థిక్ అని ఉంది నాన్నా."

"ఇంటిపేరా! మనలాగే ముందు పెట్టుకున్నారే. నువ్వు ఇక్కడికొచ్చి ఎనక్కి నెట్టేశావు."

"నేనా? ఇక్కడి ఆఫీసులోళ్ళు నెట్టారు."

"ఇంతమంది అన్నదమ్ములూ సన్నాసులైతే ఆ తల్లి ఏమైపోయిందో, కనుక్కో."

భార్గవ్ మొహమాటపడుతూనే జర్మన్‌లో అడిగాడు. ముసలి భిక్షువు కళ్ళు మాస్కు పైన నవ్వాయి. ఆయన చెప్పింది భార్గవ్ తెలుగు చేశాడు. వీళ్ళది ఒక్కొక్కరిది ఒక్కో ఊరు, ఒక్కో ఇల్లు. సన్యాసం పుచ్చుకున్నాక పుట్టింటి పేరు వదిలేస్తారు. బుద్ధుడు శాక్యుల ఇంటివాడు కదా, ఆ పేరే వీళ్ళ భాషలో థిక్. అందరూ అదే పెట్టుకుంటారు.

"ఇల్లు ఇడిచినాయన ఇంటిపేరు... ఇల్లు ఇడిచినోళ్ళకి," అన్నాడు కనకయ్య. ఆ గోడంతా ఒక్క ఇల్లు.

చివరి ఫొటోకి కొత్త పూలున్నాయి. ఆయనా కరోనాతోనే పోయాడట.

"ఎవరు మోశారంట?"

భిక్షువు తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "థిక్," అన్నాడు.

కనకయ్య ఆ కొత్త పూల ఫొటోకి దణ్ణం పెట్టాడు. తర్వాత, "మీ పెద్దమ్మకి ఫోన్ కలుపు" అన్నాడు.

"వదినా, అన్నని మోసినోళ్ళ పేర్లేంది?"

"ఎందుకు కనకయ్యా? పాపం వాళ్ళనేమీ అనమాక."

"అనడానికి కాదొదినా. చెప్పు." ఆమె రెండు పేర్లూ చెప్పింది.

భిక్షువు అగరొత్తులు వెలిగించి, ప్రార్థనలో చదవడానికి పోయినవారి పేరు అడిగాడు.

"గుండ్లపల్లి విశ్వనాథం." ఒక క్షణం ఆగి, "బతికున్నోళ్ళ పేర్లు కూడా చదువుతారేమో అడుగు" అన్నాడు కనకయ్య.

చదువుతారట.

"గుండ్లపల్లి మస్తాన్‌వలీ. గుండ్లపల్లి ఏసోబు."

భార్గవ్ తడబడ్డాడు. "నాన్నా, వాళ్ళ ఇంటిపేర్లు..."

"వాళ్ళయి వాళ్ళకుంటాయి. ఇది నేనిచ్చేది. చెప్పు."

భిక్షువుకు నోరు తిరగలేదు. రెండోసారి అడిగి, కళ్ళు మూసుకుని, తన రాగంలో అందుకున్నాడు. గుండ్లపల్లి, గుండ్లపల్లి, గుండ్లపల్లి. రేకుల కప్పు కింద ఆ మాట మోగుతుంటే, కనకయ్య చెప్పులు లేని పాదాలు రెండూ దగ్గరికి చేర్చి, అన్న ముందు నిలబడ్డట్టే తల వంచాడు.